పొట్టికాళ్ల కోర్గీ మీద మనసెందుకు పడుతుంది?

హన్మకొండలో సాయంత్రం పూట కోర్గీని వెంటబెట్టుకుని బయటికి వస్తే దారి సాగదు. పిల్లలు చుట్టుముడతారు, బండి మీద పోయేవాళ్లు స్లో చేసి చూస్తారు. మా మేనకోడలి కోర్గీ లడ్డూతో వడ్డేపల్లి చెరువు వైపు వెళ్లినప్పుడు మక్కకంకులు కాల్చే పెద్దమ్మ విసురుతున్న విసనకర్ర ఆపి మరీ అడిగింది: “ఇది కుక్కనా నక్కనా బిడ్డా? కాళ్లెందుకు గింత పొట్టిగున్నయ్?” లాబ్రడార్‌ను చూసి ఎవరూ ఇలా అడగరు. కోర్గీని చూసినవాళ్లకు ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే ముట్టుకోవాలనిపిస్తుంది. ఇక్కడి ఎండకు ఏమాత్రం సరిపోని, బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ కుక్క మీద మనవాళ్లకు ఇంత మోజు ఎలా పుట్టింది, ఇంటికొచ్చాక అది ప్రేమగా ఎలా మారుతుంది అన్నది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. మొదటిదానికీ రెండోదానికీ కారణాలు వేరని నా నమ్మకం.

ముందు ఆ పెద్దమ్మకు జవాబు చెప్పాలి. కుక్కల్లో ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు ఉంది. కాళ్లూ ఎముకలూ పెరగడంలో దానికి పాత్ర ఉంటుంది. చాలా కాలం కిందట ఒక కుక్కలో ఈ జన్యువుకు ఇంకో ప్రతి తయారై, జిరాక్స్ కాపీ పొరపాటున వేరే ఫైల్లో చేరినట్టు, 18వ క్రోమోజోములో ఇంకోచోట అతుక్కుంది. ఈ అదనపు కాపీ ఉన్న కుక్కపిల్లలో కాళ్ల ఎముకల చివర ఉండే మృదులాస్థి తొందరగా గట్టిపడి ఎముకగా మారిపోతుంది. కాలు పొడవు అక్కడితో ఆగిపోతుంది. తల, ఛాతీ, నడుము మాత్రం మామూలు మధ్యరకం కుక్కకు ఉన్నట్టే పెరుగుతాయి. అందుకే 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు కూడా దాటని కోర్గీ 10 నుంచి 13 కిలోలు తూగుతుంది. ఎత్తుకున్నప్పుడు ఆ బరువు చూసి అందరూ ఆశ్చర్యపోతారు. 2009లో అమెరికాలో హైడీ పార్కర్, ఎలైన్ ఆస్ట్రాండర్ బృందం ఈ సంగతి కనిపెట్టింది. డాక్స్‌హండ్, బాసెట్ హౌండ్, కోర్గీ ఇలా పొట్టికాళ్ల జాతులు వేటిని చూసినా అదే కాపీ, అదే చోట దొరికింది. అంటే ఎప్పుడో ఒకే ఒక్కసారి జరిగిన మార్పును మనుషులు ఏరి, దాచి, రకరకాల కుక్కల్లోకి తెచ్చుకున్నారన్నమాట.

అంత పొట్టి కుక్కతో వేల్స్ రైతుకు ఏం పని? పశువులను తోలడం. కోర్గీ ఆవు వెనక చేరి మడమ దగ్గర చిన్నగా కొరుకుతుంది. ఆవు తన్నితే ఆ కాలు దాని తల మీద నుంచి పోతుంది. పొడుగు కుక్క అయితే ఆ తన్ను మూతికి తగిలేది. మన దగ్గర మందల కాపరులు కుక్కకు వేరే పని ఇచ్చారు. సంక్రాంతికి అయినవోలు మల్లన్న జాతరకు వెళ్లే దారిలో గొర్ల మంద ఆగినచోట చూడండి. మందను తోలేది గొల్లకురుమల కేక, చేతికర్ర. కుక్క పని రాత్రి పూట. మంద అంచున పడుకుని, తోడేలు వచ్చినా దొంగ వచ్చినా మొరిగి, అవసరమైతే మీదపడాలి. దానికి పొడుగు కాళ్లు, గట్టి దవడ, ఎండకు ఓర్చే పొట్టి బొచ్చు కావాలి. మన ఊరకుక్కలను గమనిస్తే ఆ ఒడ్డూ పొడుగూ ఇప్పటికీ కనిపిస్తాయి. నాకు వాటి మీద చాలా గౌరవం.

ఇప్పుడు కోర్గీని కొనేవాళ్లెవరికీ ఆవులను తోలే పని లేదు. మరి పొట్టికాళ్లు ఎందుకు నచ్చుతున్నాయి? ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లో ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు. పెద్ద తల, గుండ్రటి కళ్లు, ఉబ్బిన బుగ్గలు, పొట్టిగా బొద్దుగా ఉన్న కాళ్లూ చేతులూ, తడబడే నడక. ఈ లక్షణాలు ఎక్కడ కనిపించినా మనలో పసిపిల్లను సాకే బుద్ధి మేలుకుంటుందని ఆయన అన్నాడు. తర్వాత జరిగిన చాలా ప్రయోగాలు ఆ మాటను బలపరిచాయి. పగ్ విషయంలో ఈ పని చేసేది ముఖం. కోర్గీ సంగతి వేరు. దాని మూతి నక్క మూతిలా కోసుగా ఉంటుంది, చెవులు నిటారుగా నిలబడతాయి, అందులో పసితనం తక్కువే. పసితనమంతా ఆ కాళ్లలో, ఊగే నడుములో ఉంది. పన్నెండేళ్ల ముసలి కోర్గీ కూడా వెనక నుంచి చూస్తే పిల్లలాగే నడుస్తుంది. దాని వయసు మన కంటికి ఆనదు.

పసితనం ఒక్కటే కారణమైతే పొట్టికాళ్ల జాతులన్నీ సమానంగా అమ్ముడుపోవాలి. అలా జరగదు. ఇంకొకరు ముచ్చటపడింది చూశాకే మనకూ ముచ్చట పుడుతుంది. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక పిల్లాడి వెంట పగ్ నడిచింది. ఆ తర్వాత ఊరూరా పగ్‌లు వచ్చాయి. వరంగల్‌లో ఇప్పటికీ దాని పేరు హచ్ కుక్కే. కోర్గీకి ఆ సాయం బ్రిటన్ రాజకుటుంబం నుంచి అందింది. 1933లో ఇంటికొచ్చిన డూకీ అనే కోర్గీతో, తర్వాత రాణి అయిన ఎలిజబెత్ బాల్యం గడిచింది. 1944లో పద్దెనిమిదో పుట్టినరోజుకు ఆమెకు సూసన్ అనే కోర్గీని ఇచ్చారు. జీవితకాలంలో 30కి పైగా కోర్గీలను పెంచిందామె, చాలావరకు సూసన్ సంతతే. అయినా 2014లో, రాణి బతికుండగానే, బ్రిటన్‌లో జాతి కుక్కల లెక్క రాసే కెన్నెల్ క్లబ్‌లో నమోదైన పెంబ్రోక్ రకం కోర్గీ పిల్లలు 300 కూడా లేవు. అంతరించే ప్రమాదమున్న అక్కడి దేశీ జాతుల జాబితాలోకి దాన్ని చేర్చాల్సి వచ్చింది. 2018లో ఆ జాబితా నుంచి బయటపడింది. అప్పటికి ఫోన్లలో ఆ ఊగే నడుముల వీడియోలు నిండిపోయాయి. మా మేనకోడలు కూడా రీల్స్‌లోనే దాన్ని మొదట చూసింది.

స్టెఫానో గిర్లాండా, అల్బెర్టో అచెర్బీ, హెరాల్డ్ హెర్జోగ్ వంటి పరిశోధకులు అమెరికన్ కెన్నెల్ క్లబ్ దశాబ్దాల రికార్డులు తిరగేశారు. ఒక సినిమాలో కుక్క హిట్టయితే ఆ జాతికి గిరాకీ పదేళ్ల దాకా కూడా సాగుతుందని 2014లో రాశారు. అంతకు ముందు ఏడాది వచ్చిన ఫలితం నన్ను ఇంకా కలవరపెడుతుంది. మంచి ప్రవర్తన, ఎక్కువ ఆయుష్షు, తక్కువ జబ్బులు ఉన్న జాతులకు జనంలో ఎక్కువ ఆదరణ ఉందా అని వెతికితే అలాంటి ఆధారమే దొరకలేదు. లక్ష రూపాయల టీవీ కొనేటప్పుడు వారంటీ అడుగుతాం. పన్నెండు పదమూడేళ్లు మనతో బతకాల్సిన ప్రాణిని మాత్రం పక్కింటివాళ్లకు నచ్చింది గనక తెచ్చుకుంటాం.

జాతిని బట్టి స్వభావం తెలిసిపోతుందన్న నమ్మకం కూడా మనలో బలంగా ఉంది. 2022లో అమెరికా శాస్త్రవేత్తలు 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానులను అడిగి, వాటిలో 2 వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. ఒక కుక్క ప్రవర్తనకూ ఇంకో కుక్క ప్రవర్తనకూ మధ్య ఉన్న తేడాల్లో జాతి వివరించగలిగింది దాదాపు 9 శాతమే. అలాగని జాతి గుణం శూన్యం అని కాదు. లడ్డూ పుట్టి బుద్ధెరిగి పశువుల కొట్టం చూడలేదు. ఒకరోజు చెరువు దగ్గర నుంచి బర్లు తిరిగొస్తుంటే అది గొలుసు లాక్కుంటూ తల నేలకు దించి, చివరి బర్రె వెనక కాళ్ల దగ్గరికే వెళ్లింది. ముందుకు వెళ్లలేదు, పక్కకు వెళ్లలేదు. బర్రె కాలు విసిరింది. లడ్డూ పొట్ట నేలకు ఆనించి, మళ్లీ లేచింది. బర్లాయన “పట్టుకో బిడ్డా, తంతది” అని అరుస్తున్నాడు గానీ దాని ముఖంలో భయం లేదు. ఇంట్లో పరుగెత్తే చిన్నపిల్లల మడమలను కూడా అది ఇలాగే పట్టుకోబోతుంది. అది కోపం కాదని తెలియక కోర్గీని కొట్టేవాళ్లున్నారు. నాకు చాలా బాధేస్తుంది.

ఇక ప్రేమ. మా మేనకోడలి అత్తమ్మకు ఇంట్లో కుక్క అసలు ఇష్టం లేదు. రీల్స్ చూడలేదు, రాణి సంగతి తెలియదు, పొట్టికాళ్లు ముచ్చటగానూ అనిపించలేదు. “ఇంట్ల కుక్కేంది, దేవుని అర్ర ఉండంగ” అని గొడవ చేసింది. ఇప్పుడు లడ్డూకు అందరికన్నా దగ్గర ఆమే. తెల్లారగట్ల వాకిలి ఊడ్చేటప్పుడు అది గడప మీద గడ్డం పెట్టుకుని ఆమె వైపే చూస్తుంటుంది. ఆమె చీపురు ఆపి చూస్తే, కనుబొమలు లోపలి కొసల్లో పైకి లేపుతుంది. “అత్తమ్మా, పెరుగన్నం ఎక్కువైతున్నది దానికి” అని కోడలు అంటే, “రెండు ముద్దలే పెట్టిన పిల్లా” అని ఆమె జవాబు.

ఆ చూపు మీద జపాన్‌లో మిహో నగసావా బృందం పరిశోధించింది. యజమానిని ఎక్కువసేపు కళ్లలోకి చూసిన కుక్కల్లోనూ, ఆ యజమానుల్లోనూ ఆక్సిటోసిన్ పెరిగిందని 2015లో తేల్చారు. తల్లికీ బిడ్డకూ మధ్య బంధం గట్టిపడటంలో పనిచేసే హార్మోనే అది. మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్లతో చేసినప్పుడు అలా జరగలేదు. కనుబొమల సంగతి 2019లో బయటపడింది. కనుబొమ లోపలి కొసను పైకి లాగే కండరం కుక్కల్లో చక్కగా ఏర్పడి ఉంటుంది, తోడేళ్లలో నామమాత్రం. అలా కనుబొమలు ఎక్కువగా లేపే కుక్కలను సంరక్షణ కేంద్రాల నుంచి జనం తొందరగా దత్తత తీసుకుంటున్నారని అంతకు ముందే 2013లో బ్రిటన్‌లో గమనించారు. ఈ చూపుకు జాతితో సంబంధం లేదు. గేటు ముందు పడుకునే ఊరకుక్కకూ అదే కండరం, మనకూ అదే హార్మోను. కోర్గీని ఎంచుకునేలా చేసిన కాళ్లకు ఈ బంధంలో వాటా ఏమీ కనిపించదు. రోజూ తిండి పెట్టడం, వాకిట్లో ఎదురుచూడటం, కళ్లలోకి చూసుకోవడం, ఇవే అత్తమ్మను మార్చాయి.

ఆ కాళ్లకు మూల్యం చెల్లించేది కోర్గీయే. 2017లో ఎఫ్‌జీఎఫ్4కు ఇంకో కాపీ 12వ క్రోమోజోములో ఉందని కాలిఫోర్నియాలో కనిపెట్టారు. అది వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులను చిన్న వయసులోనే గట్టిపడేలా చేస్తుంది. కోర్గీల్లో ఈ రెండోది కూడా కనిపిస్తుంది. డిస్కు జారి వెన్నుపాము మీద ఒత్తిడి పడితే వెనక కాళ్లు చచ్చుబడొచ్చు. అందుకే పొడుగు నడుము మీద అదనపు కిలో కూడా పడకూడదు. అరచేయి ఛాతీ పక్కన ఆనిస్తే పక్కటెముకలు తేలిగ్గా తగలాలి. తగలకపోతే ఆ రెండు ముద్దలు తగ్గించాల్సిందే. మేడ మెట్లు ఎక్కిదిగనివ్వకుండా ఎత్తుకోవాలి, మంచం మీద నుంచి దూకనివ్వకూడదు.

ఎండ సంగతి వేరే చెప్పాలి. వరంగల్‌లో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కోర్గీకి రెండు పొరల బొచ్చు. కుక్కలకు మనలా ఒంటి నిండా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చడమే వాటికి దిక్కు. పైగా దీని పొట్ట రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి తారు వేడి నేరుగా కొడుతుంది. మధ్యాహ్నమంతా లడ్డూ వెనక కాళ్లు వెనక్కి చాపి, పొట్ట బండలకు అతికించి పడుకుంటుంది. చూసినవాళ్లు ఫొటో తీసుకుంటారు. అది చల్లదనం వెతుక్కుంటోందని నేను చెబుతుంటాను. బొచ్చు గొరిగించేద్దాం అనేవాళ్లకు వద్దనే చెప్పాలి. పై పొర ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది, గొరిగితే సరిగ్గా తిరిగి రాకపోవచ్చు కూడా. లోపలి పొరను దువ్వెనతో తీసేయడం మేలు. వేసవిలో నడక పొద్దు పొడవకముందే అయిపోవాలి.

ఇవన్నీ విన్నాక కూడా కోర్గీయే కావాలనేవాళ్లు ఉంటారు, నాకు అభ్యంతరం లేదు. కానీ అమ్మేవాళ్లు కుక్కపిల్లను చూపించేటప్పుడు తల్లిని కూడా చూపించమని అడగాలి. తల్లి వెనక కాళ్లు ఈడ్చకుండా నడుస్తుందా, కొత్తవాళ్లను చూసి వణుకుతుందా, ఎన్నోసారి ఈనింది అన్నవి చూస్తే పిల్ల గురించి చాలా తెలుస్తుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. నడక చెడిపోయే వెన్నుపాము జబ్బుకు సంబంధించిన ఎస్‌ఓడీ1 జన్యువుకు పరీక్ష ఉంది, తల్లికీ తండ్రికీ చేయించారా అని అడగొచ్చు. తల్లి ఇక్కడ లేదు, వీడియోలో చూపిస్తాం అంటే మాత్రం అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి.