వెక్కిపడే క్లారినెట్

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. పాత సంగీతంలో కొత్త వాయిద్యాలు, పరాయి బాణీలు కలిపితే అది చెడిపోతుందా అని అడిగారు. ఫోనులో రెండు మాటల్లో తేలే ప్రశ్న కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను. నాకు ఎంతో ఇష్టమైన ఒక సంగీతం సంగతి చెబుతాను. దాని పేరు క్లెజ్‌మర్.

ఉక్రెయిన్, పోలండ్, లిథువేనియా, మోల్డోవా, రుమేనియా ప్రాంతాల్లో యిడ్డిష్ అనే భాష మాట్లాడే యూదులు వందల ఏళ్ళు నివసించారు. వాళ్ళ పెళ్ళిళ్ళలో వాయించిన మేళాల సంగీతం ఇది. వయొలిన్‌దే పెత్తనం. పక్కన త్సింబ్ల్ ఉండేది. చిన్న కర్రలతో తీగలను కొట్టి వాయించే ఆ వాయిద్యం మన సంతూర్‌కు బంధువు. క్లారినెట్ పంతొమ్మిదో శతాబ్దంలో గాని వచ్చి చేరలేదు. పెళ్ళికూతురిని కూర్చోబెట్టి, బద్ఖన్ అనే ఆశుకవి రాబోయే బరువు బాధ్యతల గురించి పాడి ఆమెను ఏడిపించేవాడు. వయొలిన్ ఆ ఏడుపుకు తోడుగా సాగేది. కాసేపటికి అదే మేళం ఊరందరి చేతా గంతులు వేయించేది.

ఈ సంగీతం ప్రాణమంతా ఒక చిన్న వెక్కులో ఉంది. స్వరం చివర గొంతు బిగిసి తెగినట్టు వినిపిస్తుంది. క్రెఖ్ట్స్ అంటారు దాన్ని. గమకాలు తీసేస్తే తోడి రాగం తోడి కానట్టే, అది లేకుండా స్వరాలన్నీ సరిగ్గా పలికించినా క్లెజ్‌మర్ కాదు.

కలపడం కొత్తగా మొదలైందని అనుకోకండి. తాళం లేకుండా నెమ్మదిగా సాగే 'దోయ్‌నా' రుమేనియా గొర్రెల కాపరుల నుంచి వచ్చింది. మోల్డోవాలో రోమా (జిప్సీ) వాద్యకారులు, యూదు వాద్యకారులు ఒకే మేళంలో కూర్చుని వాయించారు. ఎవరి పాట ఎవరికి చేరిందో విడదీయడం పండితులకు ఇప్పటికీ కష్టమే. ఇప్పటి పోలండ్, ఉక్రెయిన్‌లలో ఉన్న గెలీషియా ప్రాంతం నుంచి 1908లో నఫ్తూలే బ్రాండ్‌వైన్, ఉక్రెయిన్ నుంచి 1921లో డేవ్ టారస్ అమెరికా చేరి, న్యూయార్క్‌లో క్లారినెట్ రికార్డులు ఇచ్చారు. తన వేళ్ళ పనితనాన్ని ఎవరూ కాజేయకుండా బ్రాండ్‌వైన్ శ్రోతలకు వీపు తిప్పి వాయించేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఆ తరువాత ఘోరం జరిగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదులను చంపారు. మేళాలూ పోయాయి, వాటిని పిలిచే పెళ్ళిళ్ళూ పోయాయి. కీవ్‌లో మొయిసేయ్ బెరెగోవ్‌స్కీ అనే పండితుడు ఊరూరా తిరిగి మైనపు సిలిండర్ల మీద పాటలు పట్టి దాచాడు. ఆ మనిషిని 1950లో సోవియట్ ప్రభుత్వం అరెస్టు చేసి సైబీరియాకు పంపింది. 1955లో గాని విడుదల కాలేదు. పోయాయనుకున్న ఆ సిలిండర్లు 1990లలో కీవ్‌లోని వెర్నాద్‌స్కీ గ్రంథాలయంలో బయటపడ్డాయి. 2005లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయనకు మనసులో నమస్కరిస్తాను.

అమెరికాలో వలస వచ్చినవాళ్ళ పిల్లలు వేరే సంగీతాల వైపు వెళ్ళిపోయారు. 1970లలో మనవల తరం వెనక్కి తిరిగింది. వాళ్ళలో ఆండీ స్టాట్‌మన్ అప్పటికే బ్లూగ్రాస్ అనే అమెరికన్ జానపద శైలిలో మాండలిన్ వాయించే మంచి కళాకారుడు. అయినా వృద్ధుడైన డేవ్ టారస్ దగ్గరకు వెళ్ళి క్లారినెట్‌కు శిష్యరికం చేశాడు. గురువు దొరకనివాళ్ళు పాత 78 ఆర్‌పీఎం రికార్డులను మళ్ళీ మళ్ళీ వింటూ ఆ వెక్కును నేర్చుకున్నారు.

ఇప్పటి ప్రయోగాలన్నీ ఆ శ్రద్ధ మీద నిలబడినవే. 1986లో న్యూయార్క్‌లో మొదలైన క్లెజ్‌మాటిక్స్ బృందం జాజ్‌ను, రాక్‌ను కలిపింది. అమెరికన్ జానపద కవి వుడీ గుత్రీ రాసి వదిలేసిన గీతాలకు బాణీలు కట్టి గ్రామీ అందుకుంది. గుత్రీ యూదుడు కాదు. ఆయన అత్తగారు అలైజా గ్రీన్‌బ్లాట్ యిడ్డిష్ కవయిత్రి. అంటే ఆ బంధం ఇంట్లోనే ఉందన్నమాట. ఆ బృందంలోని ట్రంపెట్ విద్వాంసుడు ఫ్రాంక్ లండన్ సెర్బియాలోని రోమా బ్రాస్ బ్యాండు నాయకుడు బోబన్ మార్కోవిచ్‌తో కలిసి వాయించాడు. దీప్ సింగ్‌తో కలిసి పంజాబీ భాంగ్రాతోనూ జత కట్టాడు. క్లారినెట్ విద్వాంసుడు డేవిడ్ క్రాకవర్, మాంట్రియల్ హిప్‌హాప్ కళాకారుడు సోకాల్డ్, ఒకప్పుడు అమెరికన్ ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో ట్రాంబోన్ వాయించిన ఫ్రెడ్ వెస్లీ కలిసి చేసినది వింటే కాళ్ళు ఆగవు. నల్లజాతి కళాకారుడు డాన్ బైరన్ ఏళ్ళ తరబడి బోస్టన్ క్లెజ్‌మర్ బృందంలో క్లారినెట్ వాయించాడు. ఈ సంగీతానికి పుట్టుక కంటే సాధన ముఖ్యమని చెప్పడానికి నేను ఆయన పేరే చెబుతాను.

అన్నీ బాగున్నాయని అనను. పాత బాణీ కింద యంత్రపు దరువు వేసి, వెక్కును తుడిచేసిన రికార్డులూ ఉన్నాయి. వాటిలో రెండు సంగీతాలూ నష్టపోయాయి. క్రాకవర్ ఎంత దూరం వెళ్ళినా ఒక్క స్వరంలో పాత పెళ్ళి పందిరి వినిపిస్తుంది. కలిపేవాడు రెండింటిలో ఒకదాన్నయినా లోతుగా ఎరిగి ఉండాలి. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

పని ఇంకా సాగుతోంది. ఆ కీవ్ గ్రంథాలయంలోని చేతిరాత స్వరపుస్తకాల చిత్రాలను ఇప్పుడు అనేక దేశాల ఔత్సాహికులు ఇంటర్నెట్‌లో పంచుకుని, వెయ్యికి పైగా బాణీలను చదవగలిగే స్వరలిపిలోకి మారుస్తున్నారు. వందేళ్ళుగా ఎవరూ వాయించని పాటలను కుర్రవాళ్ళు మళ్ళీ పెళ్ళిళ్ళలో వాయిస్తున్నారు.

కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నవాళ్ళకు ఒక పని చెబుతాను. వకుళాభరణం రాగం ఆరోహణ, అవరోహణ పాడండి. క్లెజ్‌మర్‌లో ఎక్కువగా వినిపించే ఫ్రేగిష్ అనే స్వరవరుసలో ఉండేవి అవే స్వరాలు. హేమవతి స్వరాలు కూడా అక్కడ మరో పేరుతో ఉన్నాయి. పాడాక ముందు బ్రాండ్‌వైన్ పాత రికార్డు వినండి, గరగర చప్పుడు ఉంటుంది, భయపడకండి. తరువాత క్రాకవర్‌ను వినండి. వెక్కు ఎక్కడెక్కడ వచ్చిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని నాకు రాయండి.

మీ తాతయ్య