బెడెల్-సివ్‌రైట్ కెరీర్: అపోహలు - వాస్తవాలు

డేవిడ్ బెడెల్-సివ్‌రైట్ 1900 నుంచి 1908 దాకా స్కాట్లాండ్‌కు ఆడిన రగ్బీ ఫార్వర్డ్ (బంతి కోసం ముందుండి తలపడే ఆటగాడు). ఆయన రికార్డును ఇప్పటి కొలతలతో చదివితే అడుగడుగునా పొరబడతాం.

అపోహ: తొమ్మిది సీజన్లలో 22 మ్యాచ్‌లేనా?

వాస్తవం: అప్పట్లో ఇంగ్లండ్, వేల్స్, ఐర్లండ్‌లతో ఏడాదికి ఒక్కో మ్యాచే ఉండేది. ఫ్రాన్స్‌తో ఆడటం 1910లో మొదలైంది. అంటే తొమ్మిది సీజన్లకు 27. 1905లో న్యూజిలాండ్‌తో, 1906లో దక్షిణాఫ్రికాతో ఆడినవి కలిపితే 29. అందులో 22 ఆడటం చిన్న విషయం కాదు. మిగతా మూడు జట్లనూ ఒకే సీజన్‌లో ఓడిస్తే దక్కే ట్రిపుల్ క్రౌన్‌ను స్కాట్లాండ్ 1901, 1903, 1907లలో గెలిచింది. ఆ మూడుసార్లూ స్కాట్లాండ్ జట్టులో ఉన్నది ఈయన ఒక్కడే. ఇంగ్లండ్‌తో పోటీ కలకత్తా కప్పు కోసం. కలకత్తాలోని ఒక రగ్బీ క్లబ్బు మూతపడుతూ తన ఖాతాలోని వెండి రూపాయల్ని కరిగించి చేయించిన కప్పు అది. పిడులు మూడూ నాగుపాములు, మూత మీద ఏనుగు.

అపోహ: ఏ నంబరు జెర్సీ, ఏ స్థానం అన్నది రికార్డుల్లో దొరుకుతుంది.

వాస్తవం: జెర్సీలకు నంబర్లే లేవు. ఫార్వర్డ్‌లు ఎనిమిది మంది. స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లు తలలు దూర్చి ఒకరినొకరు తోసుకునే గుంపు) దగ్గరికి ముందు చేరినవాళ్లు ముందు వరుసలో తల పెట్టేవాళ్లు, వెనకొచ్చినవాళ్లు వెనక. కాబట్టి ఆయన్ను ఇప్పటి స్థానాల పేర్లతో ‘ప్రాప్’ అనో ‘నంబర్ ఎయిట్’ అనో రాస్తే అది మన ఊహే. బంతిని కాళ్లతో తోసుకుంటూ గుంపుగా మీదపడటం స్కాట్లాండ్ ఫార్వర్డ్‌ల బలం. అది ఏ స్కోరుకార్డులోనూ కనిపించదు.

అపోహ: 1904లో బ్రిటిష్ జట్టు కెప్టెన్‌గా న్యూజిలాండ్‌తో టెస్టు ఓడిపోయాడు.

వాస్తవం: ఆ టూర్‌కు కెప్టెన్ ఆయనే. కానీ న్యూజిలాండ్‌లో మొదటి మ్యాచ్‌లోనే కాలు విరిగింది. టెస్టులో జట్టును నడిపింది టెడ్డీ మోర్గాన్. న్యూజిలాండ్ 9-3తో గెలిచింది. అప్పుడు ట్రైకి (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకించడానికి) 3 పాయింట్లే, ఇప్పుడు 5. రెండు ట్రైలు, ఒక పెనాల్టీ కలిపి 9. ఇప్పటి లెక్కలో అదే 13-3.

ఎడిన్‌బరోలో బండి గుర్రాన్ని ట్యాకిల్ చేశాడన్న (రగ్బీలోలా పట్టి పడేశాడన్న) కథకు తేదీ ఉండదు. దాన్ని కెరీర్ లెక్కలో వేయకండి. 1909లో స్కాట్లాండ్ అమెచ్యూర్ హెవీవెయిట్ బాక్సింగ్ టైటిల్ గెలిచాడన్నది మాత్రం నిజం.

అపోహ: మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీలోని గాలిపోలిలో తూటా తగిలి చనిపోయాడు.

వాస్తవం: అక్కడ ఆయన నౌకాదళ సర్జన్. పురుగు కాటుతో రక్తం విషమైంది. పెనిసిలిన్ ఇంకా రాలేదు. 1915 సెప్టెంబర్ 5న, 34 ఏళ్లకే పోయాడు. గాలిపోలి కొసనున్న హెలెస్ అగ్రం దగ్గర సముద్రంలోనే ఖననం చేశారు కనుక సమాధి లేదు. పేరు పోర్ట్స్‌మత్ నౌకాదళ స్మారకం మీద ఉంది.