తల్లి మీద మోపిన నింద

బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు ఇళ్లలో రెండున్నరేళ్ల పిల్లవాడు పిలిస్తే పలక్కపోయినా, మాటలు రాకపోయినా ఊరి నుంచి ఫోన్లలో వినిపించేవి ఇవే. ఉద్యోగమని నువ్వు ఒళ్లో పెట్టుకోలేదు. సెల్‌ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టావు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లిషు అయితే వాడికి మాటలెలా వస్తాయి, తెలుగు మానేయండి. ఎటు తిరిగినా తప్పు తల్లిదే. ఇవి ఆటిజం లక్షణాలు కావచ్చు. ఆటిజం అంటే మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. దానికి తల్లిని తప్పుపట్టే ఈ నిందకు 80 ఏళ్ల వయసుంది.

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాశారు. మనుషులతో కలవరు, ఉన్న పద్ధతి మారితే తట్టుకోలేరు. (ఇలాంటి ఆరుగురు అబ్బాయిల గురించి సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా 1925లోనే రాశారు. ఆమెను లోకం దశాబ్దాల పాటు పట్టించుకోలేదు.) ఇది పుట్టుకతో వచ్చిందేనని కానర్ అదే వ్యాసంలో అన్నారు. కానీ ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా రాశారు. 1949 నాటికి ఆ పిల్లలు మంచు కరగని ఫ్రిజ్‌లో పెరిగినట్టు పెరిగారన్నారు. ఆ పోలిక నుంచే 'రిఫ్రిజిరేటర్ తల్లి' అన్న మాట పాకింది. బిడ్డకు వైద్యం కోసం వెళ్లిన తల్లులు దోషుల్లా కూర్చోవాల్సి వచ్చింది. అంతకంటే క్రూరమైన పని వైద్యరంగం చేసిన సందర్భాలు తక్కువ.

దాన్ని ఎదిరించిన వారిలో ముఖ్యుడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వవేత్త, ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి కూడా. మూలం మెదడు ఎదుగుదలలో ఉందని 1964లో పుస్తకమే రాశారు. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభలో నిలబడి, మీ తప్పేమీ లేదన్నారు. 1977లో 21 కవల జంటలపై జరిగిన అధ్యయనం జన్యువుల పాత్రను చూపింది.

మన దేశంలో 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. బుద్ధిమాంద్యం కింద సర్టిఫికెట్ తెచ్చుకున్న కుటుంబాలు ఎన్నో. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆ పేరు చేరింది. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లోనూ ఉంది.

చట్టం మారినా ఫోన్లలో మాట మారలేదు. రెండు భాషలు వింటూ పెరిగే ఆటిజం పిల్లలకు ఆ కారణంగా మాట మరింత ఆలస్యం కాదని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా తల్లి ఇంట్లో తెలుగు మింగేసి, తనకే సరిగా రాని ఇంగ్లిషులో బిడ్డను లాలిస్తుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకు ఆ ముక్కలు కూడా రావు. వాడి పక్కన కూర్చుని ఊరుకుంటుంది.