అవ్వ కంటికి నీళ్లు తగ్గిన రాత్రి

అమ్మణ్ణీ, అబ్బయ్యా,

"ఎదురింటి తాతకి ఆపరేషన్ చేస్తే చూపొచ్చింది గదా, మన అవ్వకెందుకు చెయ్యరు?" అని అడిగారు. ఆయనది శుక్లం. మసకబారిన కటకం తీసి కొత్తది పెట్టారు. అవ్వది కంటి వెనకున్న నరం సంగతి. రాత్రి బాగానే పడుకుంది, పొద్దున లేచేసరికి ఎడమకంట్లో కింది సగం చీకటి. నొప్పి కూడా లేదు.

మన కయ్యలు కనిగిరి రిజర్వాయరు కాలవకి చిట్టచివర ఉండేవి. నీళ్లు తగ్గితే ముందు ఎండేది మనవే. రాత్రిపూట నాయన నా చేతికి లాంతరిచ్చి గెనిమ మీదికి పంపేవాడు. మడవలో చెయ్యి పెడితే చల్లగా తగలాలి, అప్పుడే నీళ్లొచ్చినట్టు. కప్పల అరుపుల్లో ఎంతసేపు కూర్చునేవాణ్ణో! పైరు పొట్ట మీదున్నప్పుడు తడి తప్పిందా, తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా తాలు గింజలే.

కంటి నరం కూడా అలాంటి చివరి కయ్యే. దాంట్లో పది లక్షలకు పైగా పోగులుంటాయి, వాటిని తడిపేవి వెంట్రుకల్లాంటి రక్తనాళాలు. షుగరు, బీపీ ఉంటే ఆ పిల్లకాలవలు పాడవుతాయి. నిద్రలో బీపీ ఎటూ తగ్గుతుంది, అప్పుడు నరానికి రక్తం చాలదు. అందుకే డాక్టరు అవ్వ రాత్రి మాత్రల గురించీ, గురక గురించీ అన్నేసి ప్రశ్నలు వేశాడు. మాత్రల వేళ ఆయనే మార్చాలి, మనంతట మనం మానకూడదు.

అమెరికాలో ఈ నరానికి ఆపరేషన్ చేసి చూశారు. మేలు లేదని 1995లో తేలింది. కొందరికి నెలల మీద కొంత చూపు దానంతటదే వస్తుంది. ఇప్పుడు మన పనల్లా షుగరు, బీపీ అదుపులో పెట్టి రెండో కన్ను కాపాడుకోవడం.

ఇంకో రకముంది, అది మరీ తొందరది. పెద్దవాళ్లకి కణతల దగ్గర నొప్పి, దువ్వెన తగిలినా మాడు నొప్పి, నమిలితే దవడలు లాగడం, వాటితోపాటు చూపు మసకబారడం. అప్పుడు రక్తనాళాలే వాచి ఉంటాయి. స్టెరాయిడ్ ఆ రోజే మొదలుపెట్టాలి, లేకపోతే రెండో కన్నూ పోవచ్చు. అవ్వకి రక్తపరీక్ష చేసింది అందుకే. అది కాదని తేలింది. ఇంట్లో పెద్దవాళ్లు నొప్పి చెబితే "రేపు చూద్దాంలే" అనే అలవాటు మీరు నేర్చుకోవద్దు.

అవ్వ మజ్జిగ పోస్తే గ్లాసు పక్కన పడుతోంది, నవ్వకండి. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోండి. రోజూ ఎడమకన్ను మూయించి, గోడమీది క్యాలెండరు కుడికంటితో చదివించండి. ఏ మూల మసకగా ఉందన్నా వెంటనే మీ నాయనతో చెప్పండి.

మీ తాత