యోనా పారిపోయింది ఎవరి కోసం?

ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ మధ్యాహ్న ప్రార్థనలో యూదుల సమాజమందిరాల్లో యోనా గ్రంథాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుతారు. ఆ రోజు దగ్గరపడేసరికి ఒక పాత తగాదా మళ్లీ రాజుకుంటుంది. అష్షూరీయుల నగరం నీనెవెకు వెళ్లి హెచ్చరించమని దేవుడంటే తర్షీషు ఓడ ఎక్కి, చివరికి వెళ్లి చెప్పాక ఆ ఊరు మారి శిక్ష తప్పించుకుంటే కోపగించుకున్న ఈ ప్రవక్త పరజాతుల మీద ద్వేషంతో పారిపోయాడా, లేక తన జనం మీద మమకారంతోనా? శత్రువు మీద జాలి చూపవచ్చా అన్న ప్రశ్న వచ్చిన ప్రతిచోటా రెండు పక్షాలూ ఇతణ్నే సాక్షిగా నిలబెడతాయి. తుపాను, చేప కడుపులో మూడు రోజులు, సొరచెట్టు మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలిసినవే. వాటి జోలికి పోకుండా అసలు చిక్కు ఎక్కడ పడిందో చూద్దాం.

అది యోనా గ్రంథంలో లేదు, రాజుల రెండవ గ్రంథం 14వ అధ్యాయంలో ఉంది. గత్హేపెరు ఊరివాడు, అమిత్తయి కుమారుడు యోనా అక్కడ ఒకే ఒక్క వచనంలో కనిపిస్తాడు. ఉత్తర ఇశ్రాయేలును రెండవ యరొబాము ఏలుతున్న కాలమది, క్రీ.పూ. 8వ శతాబ్దపు తొలి సగం. ఆ రాజు దేవుని దృష్టికి చెడునడత నడిచాడని గ్రంథం ముందే చెబుతుంది. అయినా పోయిన సరిహద్దులు, హమాతు మార్గం నుంచి అరాబా సముద్రం దాకా, అతని చేతికి తిరిగి వచ్చాయి. అలా వస్తాయని ముందుగా చెప్పినవాడు యోనా. ఎందుకు వచ్చాయంటే ఇశ్రాయేలు పడుతున్న బాధను దేవుడు చూశాడు కాబట్టి. అంటే అర్హత లేనివాళ్లకు దక్కిన దయను చాటడమే ఇతని మొదటి పని. ఆ దయ గురించి ఇతను గొణిగినట్టు ఎక్కడా లేదు. యోనాను కఠిన న్యాయవాదిగా, పాపికి శిక్ష పడాల్సిందేనని పట్టుబట్టిన మనిషిగా చూపించే బోధకులు ఈ వచనాన్ని ఎందుకో త్వరగా దాటేస్తారు.

ఇక్కడి నుంచి కథ వేగంగా చెడింది. అదే యరొబాము కాలంలో ఆమోసు ప్రవక్త దాదాపు అవే సరిహద్దులను పేరు పెట్టి చెప్పి, ఆ మేర అంతటా మిమ్మల్ని బాధించే ఒక జనాన్ని దేవుడు లేపుతాడని హెచ్చరించాడు. క్రీ.పూ. 745లో అష్షూరు సింహాసనం తిగ్లత్పిలేసెరుకు దక్కింది. పదేళ్లు దాటాయో లేదో, అతని సేనలు గలిలయను ఆక్రమించి అక్కడి జనాన్ని చెరపట్టుకుపోయాయి. గత్హేపెరు ఉన్నది ఆ గలిలయలోనే, నజరేతుకు దగ్గర్లో. క్రీ.పూ. 722లో రాజధాని సమరయ కూడా కూలింది. ఉత్తర రాజ్యం మళ్లీ లేవలేదు. యోనా నోట వెలువడిన శుభవార్తను తుడిచిపెట్టింది అష్షూరే.

నా దృష్టిలో మిగతా వాదమంతా ఈ మలుపు మీదే ఆధారపడి ఉంది. యోనా గ్రంథం రాసినది యరొబాము కాలంలో కాదని, బబులోను చెర తరువాత, బహుశా క్రీ.పూ. 5, 4 శతాబ్దాల్లో అని ఎక్కువమంది పండితులు అంటారు. అప్పటి శ్రోతలకు సమరయ ఏమైందో తెలుసు. నీనెవె అన్న మాట చెవిన పడగానే వాళ్లకు తమ పూర్వీకులను తరలించుకుపోయిన ఊరు గుర్తుకు వచ్చి ఉంటుంది.

అవతలి పక్షం దీనికొక అభ్యంతరం చెబుతుంది. గ్రంథంలో అష్షూరు సామ్రాజ్యం ఊసే లేదు, ఉన్నది 'నీనెవె రాజు' మాత్రమే. పైగా యరొబాము నాటికి నీనెవె రాజధాని కూడా కాదు, అష్షూరు రాజు సన్హెరీబు వచ్చి దాన్ని రాజధానిని చేసేసరికి క్రీ.పూ. 700 దగ్గరపడింది. నిజమే. అయితే అప్పటికి రాజధాని కాని ఊరిని రచయిత ఏరికోరి ఎందుకు తెచ్చినట్టు? తన శ్రోతలకు ఆ పేరు చాలని కాదా?

ప్రాచీన రబ్బీలు ఈ గాయాన్ని గుర్తించారు. నిర్గమకాండానికి వారు రాసిన వ్యాఖ్యానం మెఖిల్తాలో యోనా తనలో తాను ఇలా తర్కించుకుంటాడు: అన్యజనులు పశ్చాత్తాపానికి దగ్గరగా ఉన్నవాళ్లు, నేను వెళ్తే వాళ్లు మారతారు, ఎందరు ప్రవక్తలు వచ్చినా మారని ఇశ్రాయేలు అప్పుడు దోషిగా తేలుతుంది. అక్కడే ముగ్గురు ప్రవక్తలను పోల్చారు. యిర్మీయా తండ్రి గౌరవాన్నీ కుమారుడి గౌరవాన్నీ నిలిపాడు, ఏలీయా తండ్రి గౌరవాన్నే నిలిపాడు, యోనా కుమారుడి గౌరవాన్నే. తండ్రి దేవుడు, కుమారుడు ఇశ్రాయేలు. అది మందలింపే, కానీ అందులో ఎంత ఆప్యాయత! యోనా సముద్రంలో పడటానికే బయలుదేరాడని, ఇశ్రాయేలు కోసం ప్రాణమివ్వడం మోషే నుంచి వస్తున్న ప్రవక్తల తీరేనని రబ్బీ నాతాను పేరిట ఒక మాట కూడా ఉంది. క్రైస్తవుల్లో, బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ 396 ప్రాంతంలో రాసిన వ్యాఖ్యానంలో ఇంచుమించు ఇదే అన్నాడు: నీనెవె బాగుపడుతుందన్న అసూయ కాదు, తన జనం నశించకూడదన్న ఆరాటం.

తన మాట నెరవేరకపోతే అబద్ధ ప్రవక్త అంటారని భయపడ్డాడన్న వివరణ కూడా పాతదే. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ఆ భయానికి ఆధారం. అయితే యోనా గ్రంథం నాలుగో అధ్యాయంలో యోనా తానే నోరు విప్పి కారణం చెప్పినప్పుడు పరువు మాటే ఎత్తలేదు. నీవు కనికరం గలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయానన్నాడు.

ద్వేషం కథకు వంశవృక్షం వేరు. జెరోమ్ కాలపు క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఇతనిలో శరీరానుసారమైన ఇశ్రాయేలును, అంటే అన్యజనుల రక్షణకు నొచ్చుకునే జనాన్ని చూశాడు. ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ దానికి పదును పెట్టాడు. 18వ శతాబ్దపు జర్మన్ పండితుడు మిఖాయేలిస్ చేతిలో యోనా యూదుల అసూయకు బొమ్మ అయ్యాడు. ఆ తరువాత యోనా గ్రంథమే, అన్యస్త్రీలను పెళ్లాడకూడదన్న ఎజ్రా, నెహెమ్యాల కట్టుబాట్ల మీద విమర్శ అన్న సిద్ధాంతం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. గ్రంథంలో అన్యస్త్రీల మాట లేదు, ఎజ్రా మాటా లేదు. మరో చిక్కు ఓడ మీద ఉంది. పరజాతులంటే గిట్టనివాడు, నన్ను సముద్రంలో పడవేయండి, మీరు బతుకుతారని అన్యదేవతలకు మొక్కే నావికులతో అంటాడా?

మమకారం పక్షానికీ ఇబ్బంది లేకపోలేదు. ఒక్క రాత్రిలో పుట్టి ఒక్క రాత్రిలో వాడిన ఆ సొరచెట్టు కోసం చావు కోరుకున్న మనిషికి, నీనెవెలోని లక్షా ఇరవై వేలకు పైగా జనం, వాళ్ల పశువులు ఎందుకు కనిపించలేదు? దేవుడు అడిగింది అదే. దానికి జెరోమ్ దగ్గర గానీ మెఖిల్తాలో గానీ నాకు నచ్చిన జవాబు లేదు.

నీనెవె క్రీ.పూ. 612లో బబులోనీయులు, మాదీయుల చేతిలో నేలమట్టమైంది. ఆ పతనాన్ని చాటిన నహూము గ్రంథానికీ యోనాకూ మధ్య హెబ్రీ బైబిలులో మీకా ఒక్కడే ఉన్నాడు. కతోలిక బైబిలులోని తోబీతు కథ ఇంకా విచిత్రం. గలిలయ నుంచి చెరపట్టబడి నీనెవెలో బతికిన ఆ ముసలివాడు చనిపోయే ముందు, ఈ ఊరు నాశనమవుతుంది, వదిలి వెళ్లిపో అని కొడుకుకు చెబుతాడు. ఒక గ్రీకు పాఠంలో దానికి ఆధారం నహూము మాట. మరో పాఠంలో, యోనా మాట.