తుంటిలో 'టక్కు'

వెల్లకిలా పడుకుని, మోకాలు మడిచి, తొడను పక్కకు వాల్చి, మెల్లగా కాలు చాపండి. కొందరికి గజ్జల్లో 'టక్కు'మంటుంది. కీలు జారిందేమోనని గుండె గుభేలుమంటుంది. తుంటి అంత తేలిగ్గా జారదు. తొడ ఎముక తల బంతిలా ఉండి కటి ఎముకలోని లోతైన గిన్నెలో కుదురుకుని ఉంటుంది. బైకు ప్రమాదం లాంటి పెద్ద దెబ్బ తగిలితే తప్ప సాధారణంగా ఊడిరాదు.

ఆ చప్పుడు చాలాసార్లు స్నాయువుది, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడుది. నడుము పూసల నుంచి ఒక కండరం, కటి లోపలి గోడ నుంచి మరొకటి దిగి, కలిసి కీలు ముందుగా సాగి తొడ ఎముకకు అతుక్కుంటాయి. కాలు ఎత్తేవి ఇవే. తొడ పక్కకు వాల్చినప్పుడు వీటి స్నాయువు బయటికి ఒరుగుతుంది, చాపేటప్పుడు ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. ఎముక గట్టును దాటుతూ మోగుతుందని చాలాకాలం అనుకున్నారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తే, చాలామందిలో అది పక్క కండరం మీద నుంచి దొర్లిపడుతోంది.

ఇంకో రకంలో, తొడ పక్కన సాగే పట్టీ తుంటి పక్కన పొడుచుకొచ్చిన ఎముక మీదుగా జారుతుంది. లోపలిది (స్నాయువుది) గది అవతలికి వినబడుతుంది, బయటిది (పట్టీది) గది అవతలికి కనబడుతుంది అని ఎముకల డాక్టర్లు సరదాగా అంటారు. నొప్పి లేకపోతే రెంటికీ వైద్యం అక్కర్లేదు. ఇంకా మోగుతోందా అని పూటకు పదిసార్లు మోగించి చూసుకునేవాళ్లుంటారు (నేనూ ఆ బాపతే). ఆ రాపిడికే స్నాయువు వాచవచ్చు.

బిగుతు సంగతి వేరు. అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకు వాల్చి కూర్చునే సీతాకోకచిలుక ఆసనంలో తొడ లోపలి వైపు లాగుతుంటే అది కండరం, కొన్ని వారాల సాధనతో సడలుతుంది. గొళ్లెం అడ్డుపడ్డ తలుపులా గజ్జల్లో ఠక్కున ఆగిపోతే ఎముక ఆకారాన్ని అనుమానించాలి. తొడ ఎముక మెడకు (బంతి కింది సన్నని భాగానికి) పుట్టుకతో సుమారు 40 డిగ్రీల మెలిక ఉంటుంది, పెద్దయ్యేసరికి 15 దాకా తగ్గుతుంది. తగ్గకుండా మిగిలినవాళ్లకు కాలు లోపలికి తిప్పడం సులువు, బయటికి తిప్పడం కష్టం. కూచిపూడిలో మోకాళ్లు పక్కలకు మడిచి సగం కూర్చున్నట్టు నిలిచే భంగిమ అరమండి, అందులో తొడలు తుంటి నుంచే విప్పారాలి. అక్కడ విప్పారకపోతే పిల్లలు పాదాలను బలవంతంగా తిప్పుతారు, ఆ మెలి మోకాళ్ల మీద పడుతుంది. గురువుగారు ఎంత కోప్పడినా ఎముక తిరగదు.

2003లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్ బృందం ఇంకో చిక్కును వివరించింది. ఎముక మెడ మీద బొడిపె ఉన్నా, గిన్నె అంచు మరీ కమ్ముకున్నా, కాలు బాగా మడిచినప్పుడు మెడా అంచూ ఒరుసుకుంటాయి. అంచు చుట్టూ ఉండే మెత్తని వలయం చిరుగుతుంది. అలాంటి తుంటిని ఇంకాస్త వంచమని పైనుంచి నొక్కడం చిరుగును పెంచడమే.

ఒక మోకాలు నేలకు ఆన్చి, పిరుదులు బిగించి, నడుము విల్లులా వంగకుండా ముందుకు ఒరిగి 30 సెకన్లు ఆగడం మంచి సాగతీత. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే, పిరుదులకు బలమిచ్చే సేతుబంధాసనమూ పనికొస్తుంది. కుంటుతున్నా, కీలు పట్టేసినా, రాత్రి నొప్పి లేపినా ఎక్స్‌రే తీయించాల్సిందే. స్టెరాయిడ్లు చాలాకాలం వాడినవాళ్లు, మద్యం బాగా తాగేవాళ్లు మరీ ఆలస్యం చేయకూడదు, బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడే జబ్బు వాళ్లలో ఎక్కువ. నొప్పెక్కడని డాక్టరు అడిగితే కీలు లోపల దెబ్బతిన్నవాళ్లలో చాలామంది వేలితో చూపరు. బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు గజ్జల వైపు పెట్టి తుంటిని గుప్పిట పట్టుకుని చూపిస్తారు.