నియమగిరి కేసుల్లో కంపెనీ అంటే ఎవరు?

ఒడిశాలోని చటికోన బుధవారం సంతకు నియమగిరి కొండల గిరిజనులైన డొంగ్రియా కొంధు ఆడవాళ్ళు పసుపు, అనాసపళ్ళు మోసుకుని కొండ దిగుతారు. రాయగడ నుంచి సరుకు కొనడానికి వెళ్ళే మా తెలుగువాళ్ళం తూకం దగ్గర నిలబడినప్పుడు ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాట సిజిమాలి. 2023లో ఆ కొండలోని బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) వేలంలో వేదాంత కంపెనీకి దక్కింది. అక్కడి గ్రామసభలు సక్రమంగా జరగలేదని ఊళ్ళవాళ్ళు అంటున్నారు. గ్రామసభ అనగానే వాళ్ళకు అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే పక్కనే ఉన్న నియమగిరి కొండ మీద బాక్సైట్ గని కోసం నడిచిన కేసుల్లోకి వెళ్ళాలి.

కంపెనీ వేరు, దాని వాటాదారులు వేరు అని 1896లో బ్రిటన్ ప్రభువుల సభ సాలమన్ కేసులో తేల్చింది. మన కోర్టులూ ఆ బాటే పట్టాయి. చట్టం దృష్టిలో కంపెనీ కూడా ఒక 'వ్యక్తి'. మామూలుగా కంపెనీని కాపాడే ఈ సూత్రమే 1997 జులై 11న సమత కేసులో దానికి అడ్డుపడింది. అప్పటి విశాఖ జిల్లా బొర్రా ప్రాంతం గనుల వివాదం అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతంలో) భూమి గిరిజనేతర 'వ్యక్తి'కి ఇవ్వకూడదంటే, ఆ మాటలో కంపెనీ కూడా వస్తుందని, ప్రభుత్వం కూడా వస్తుందని సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల మెజారిటీతో చెప్పింది. కానీ అది ఆంధ్ర నిబంధన మీద వచ్చిన తీర్పు. ఒడిశాకు 1956 నాటి సొంత నిబంధన ఉంది. సరిహద్దు దాటేసరికి సమత బలం తగ్గిపోయింది.

నియమగిరిలో అసలు మెలిక 2007లో పడింది. కొండ కింద లంజిగఢ్‌లో బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే రిఫైనరీ పెట్టింది వేదాంత అల్యూమినా లిమిటెడ్. వేదాంతలో పెట్టుబడులు పెట్టకూడదని నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి నిర్ణయించిన సంగతి కోర్టు ముందుకు వచ్చింది. దాంతో నవంబర్ 23న, ఆ కంపెనీ విశ్వసనీయత తేలకుండా ఇంత విలువైన ఆస్తిని అప్పగించలేమని సుప్రీంకోర్టు అనుమతి నిరాకరించింది. అదే ఉత్తర్వులో, అదే గ్రూపుకు చెందిన స్టెరిలైట్ ఇండస్ట్రీస్ షరతులకు ఒప్పుకుంటే రావచ్చంది. లాభంలో 5 శాతం లేదా ఏటా 10 కోట్లు, ఏది ఎక్కువైతే అది షెడ్యూల్డ్ ప్రాంత అభివృద్ధికి ఇవ్వాలన్నది ఒక షరతు. స్టెరిలైట్ ఒప్పుకుంది. 2008 ఆగస్టు 8న 660 హెక్టార్ల అటవీ భూమికి అనుమతి వచ్చింది. కాగితం మీద ఇవి రెండు వేర్వేరు కంపెనీలే, సరే. కొండ మీద ఉన్నవాళ్ళకు మాత్రం తవ్వేది ఒకే చెయ్యి. ఈ ఉత్తర్వు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ తుది అటవీ అనుమతి నిరాకరించింది. ఈసారి కోర్టుకెక్కింది వేదాంత కాదు, ప్రభుత్వ సంస్థ ఒడిశా మైనింగ్ కార్పొరేషన్. అదీ లిమిటెడ్ కంపెనీయే.

2013 ఏప్రిల్ 18 తీర్పు చర్చను కంపెనీ పేరు నుంచి కొండ మీదికి మళ్ళించింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద అక్కడివాళ్ళ హక్కులు ఏమిటో, తమ కొండ దేవుడు నియమరాజాను కొలిచే హక్కుకు ఈ గని అడ్డమవుతుందో లేదో గ్రామసభలే తేల్చాలంది. రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం 12 ఊళ్ళలో సభలు జరిగాయి. జులై 18న సెర్కపడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిశాయి. అన్ని ఊళ్ళూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి అనుమతి లేదని చెప్పేసింది. మళ్ళీ సభలు పెట్టించాలని కార్పొరేషన్ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2016 మే 6న వినడానికి ఒప్పుకోలేదు.

ఆ 12 సభల్లోనూ జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా ఎదురుగా కూర్చున్నారు. ఊరివాళ్ళు తమ భాషలో ఒక్కొక్కరుగా లేచి మాట్లాడితే, అది తీర్మానంగా కాగితమెక్కింది. సిజిమాలి సభలు అలా కోర్టు పర్యవేక్షణలో జరిగినవి కావు.